నడవమని రాశాను, ఎక్కడ నడవాలో రాయలేదు

సెలవులకు హైదరాబాదులోని మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు మనుమడు షాపింగ్ మాల్‌కు పోదామన్నాడు. మా శ్రీమతి బిర్లా మందిరం అన్నది. నా మనసులో చాలాకాలంగా ఉన్నది మాత్రం నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్. ముగ్గురి కోరికలూ ఒకే రోజున తీరే మార్గం ఆలోచించాను. పొద్దున్నే ఉద్యానవనం, ఎండ ముదిరేసరికి అందులోనే ఉన్న పురావస్తు ప్రదర్శనశాల, సాయంత్రం నౌబత్ పహాడ్ మీది పాలరాతి గుడి, ఆ పక్కనే నక్షత్రశాల. మాల్ సంగతి వాడే మరచిపోయాడు. మెట్రో రైల్లో అసెంబ్లీ స్టేషనులో దిగితే ఉద్యానవనం నడకదూరమే. డెబ్బై దాటినవారికి ఇది చిన్న సంగతి కాదు.

ఉర్దూ మాట్లాడేవారు ఈ తోటను బాగ్-ఎ-ఆమ్ అంటారు. ఆమ్ అంటే సామాన్య జనం. నిజాం ప్రభువుల కాలంలో వేసిన తోటకు ఆ పేరు ఉండడమే నాకు ముచ్చటగా తోస్తుంది. 1963లో నెహ్రూ జంతుప్రదర్శనశాల ఏర్పడేవరకు నగరంలోని పులులూ కోతులూ ఇక్కడే ఉండేవి. నగర ప్రజల పురమందిరంగా 1913లో పూర్తయిన తెల్లని భవనం తరువాత శాసనసభ అయింది. జూబిలీ హాలు, జవహర్ బాలభవన్, లలిత కళాతోరణం, అజంతా చిత్రాల ప్రతికృతులున్న మందిరం, అన్నీ ఈ చెట్ల నడుమనే ఉన్నాయి. గుంటూరు వైద్య కళాశాలలో చదివే రోజుల్లో, 1971లో అనుకుంటాను, మిత్రులతో కలిసి రాత్రి రైలెక్కి వచ్చి ఇక్కడి ఆరోగ్య ప్రదర్శనశాలను చూసిన జ్ఞాపకం ఉంది. ఈసారి అటు వెళ్ళే వ్యవధి లేకపోయింది. వెళ్ళనందుకు నాకే సిగ్గుగా ఉంది.

పురావస్తు ప్రదర్శనశాలలో ఈజిప్టు నుంచి వచ్చిన మమ్మీ దగ్గర మావాడు చాలాసేపు నిలబడిపోయాడు. చిన్నవయసులోనే పోయిన రాచకన్యదంటారు. “తాతయ్యా, ఈమె ఏం జబ్బు చేసి చనిపోయింది?” అని అడిగాడు. వైద్యుడి మనుమడు కదా! తెలియదన్నాను. “నువ్వు డాక్టరువే గదా, చూసి చెప్పు” అన్నాడు. చూసి చెప్పగలిగినవి చాలా తక్కువ అని వాడికి నచ్చచెప్పేసరికి నా తల ప్రాణం తోకకు వచ్చింది.

కాని ఈ వ్యాసం మమ్మీ కోసం రాయడం లేదు. ఆ ఉదయం నేనొక చెట్టు నీడన సిమెంటు బల్లమీద ముప్పావుగంట కూర్చున్నాను. ముందుగా ఒక ముసలి దంపతులు కనబడ్డారు. ఆయన పది అడుగులు ముందు నడిచి, ఆగి, వెనుదిరిగి ఆమె కోసం చూస్తున్నాడు. బురఖాలు ధరించిన నలుగురు ఆడవారు కబుర్లాడుకుంటూ చకచకా మూడుసార్లు నా ముందునుంచి పోయారు. పక్షవాతం వచ్చి తేరుకుంటున్న ఒక మధ్యవయస్కుణ్ణి కొడుకు కాబోలు చంకలో చెయ్యివేసి నడిపిస్తున్నాడు. కాలు ఈడ్చే తీరు చూసి ఆరేడు నెలల క్రిందటి పక్షవాతం అనుకున్నాను. ఈ వృత్తి బుద్ధి పింఛను తీసుకున్నా పోదు. మరోవైపు గడ్డిమీద ఒక పల్లెటూరి కుటుంబం టిఫిన్ క్యారియర్ విప్పుకొని కూర్చుంది. ఒకామె చేతిలో ఆసుపత్రి కాగితాల సంచి ఉంది. ఆ చుట్టుపక్కల రెడ్ హిల్స్‌లోనే నీలోఫర్ పిల్లల ఆసుపత్రి, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఊరుగాని ఊళ్ళో రోగికి తోడుగా వచ్చినవారికి కాళ్ళు చాపుకోవడానికి ఒక చెట్టునీడ ఉండడం ఎంత ఊరటో, ఆసుపత్రి వరండాలలో జీవితం గడిపిన నాకు తెలుసు.

మా లోపలికి రాకను ఎవరూ ఆపలేదు, టిక్కెట్టు అడగలేదు, ఎందుకు కూర్చున్నారని ప్రశ్నించలేదు. ఆ బల్లమీద కూర్చున్నప్పుడు నాకు ఇరవయ్యేళ్ళ నాటి ఒక తల్లి గుర్తుకు వచ్చింది. ఇంతకాలం ఈ సంగతి ఎక్కడా రాయలేదు.

అప్పటికి మా చిలకలూరిపేట మీదుగా పోయే జాతీయ రహదారి నాలుగు వరుసలుగా వెడల్పయి ఎంతోకాలం కాలేదు. యాభైయేళ్ళు పైబడిన ఒక గృహిణి నా దగ్గరకు షుగరు వ్యాధికి వచ్చేది. మందులు సక్రమంగా వాడేది, అన్నం తగ్గించింది, అయినా చక్కెర అదుపులోకి రావడం లేదు. బరువు ఎక్కువ. నేను చీటీమీద మందుల క్రింద గీత గీసి “రోజూ ఉదయం నలభై అయిదు నిమిషాలు వడిగా నడవాలి” అని రాశాను. ఆమె చీటీ చేతిలో పట్టుకొని కదలకుండా నిలబడింది. “ఎక్కడ నడవమంటారు డాక్టరుగారూ?” అని అడిగింది. బయట ఇంకా నలభైమంది రోగులున్నారు. “అంత పెద్ద రోడ్డు వేశారుగదమ్మా, రోడ్డంతా మీదే” అని నవ్వుతూ అన్నాను. ఆమె కూడా నవ్వింది.

ఆమె నా మాట విన్నది. తెల్లవారితే ఇంట్లో వంట, పిల్లల చదువులు, పాడి. పైగా వీధిలోని మగవారు చూస్తుండగా ఊరికే చేతులూపుకుంటూ నడవడానికి సిగ్గు. అందుచేత తెల్లవారుజామున అయిదింటికే బయలుదేరేది. జనవరి నెల, మంచు దట్టంగా పట్టి ఉంది. రహదారి అంచున నడుస్తున్న ఆమెను వెనుకనుంచి వచ్చిన లారీ కొట్టింది. ఆ రోజు శవపరీక్ష చేయవలసిన విధి నాదే అయింది. ఆ నివేదికలో మరణకారణం రాయడానికి స్థలం ఉంది, రాశాను. ఆ వేళప్పుడు ఆమె ఆ రోడ్డుమీద ఎందుకు ఉన్నదో రాయడానికి స్థలం లేదు. ఆమె భర్త నన్నేమీ అనలేదు. “మీరు చెప్పారని రోజూ తప్పకుండా పోయేది సార్” అని మాత్రం అన్నాడు. నన్ను నిందించాలని అన్నమాట కాదు అది, ఆమెను మెచ్చుకుంటూ అన్నది.

అప్పటినుంచి నేను నడకను గురించి చెప్పేటప్పుడు ఎక్కడ నడుస్తారని ముందే అడగడం మొదలుపెట్టాను. వచ్చిన సమాధానాలు విచిత్రంగా ఉండేవి. మేడమీద నడుస్తానన్నవారు కొందరు. వసారాలో అటూ ఇటూ తిరుగుతానన్నవారు కొందరు. మగవారు కళాశాల మైదానానికి పోతారు. ఆడవారిలో ఎక్కువమంది “ఇంట్లో పని చేస్తూనే ఉంటాను గదండీ, అదే నడక” అనేవారు. ఇంటిపని శ్రమే, కాదనను. కాని గుండె వేగం పెరిగి సన్నగా చెమట పట్టేలా ఎడతెగకుండా సాగే నడక వేరు. పెద్దవారు వారానికి 150 నుంచి 300 నిమిషాల పాటు ఒక మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. అరవై అయిదు దాటినవారు దీనితోపాటు, తూలి పడకుండా ఉండేందుకు వారంలో కనీసం మూడు రోజులు శరీరాన్ని నిలదొక్కుకొనే వ్యాయామాలు కూడా చేయాలంటుంది. వైద్యులమంతా ఈ అంకెలను అప్పజెబుతాము. ఆ 150 నిమిషాలను రోగి ఎక్కడ గడపాలన్నది మాత్రం మా పాఠ్యపుస్తకాలలో లేదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మందుల దుకాణం లేని ఊరు మనకు వింతగా కనబడుతుంది, పార్కు లేని పేట కనబడదు. పార్కు అంటే పిల్లలు ఊయలలూగే చోటనో, ఆదివారం ఐస్‌క్రీము తినే చోటనో మన భావన. పట్టణంలో కాస్త ఖాళీ స్థలం మిగిలితే చాలు, వాణిజ్య సముదాయం కడదామా, కల్యాణమండపం కడదామా అన్నదే చర్చ. ఇక “ఆసుపత్రి కడదాం” అంటే అందరూ చప్పట్లు కొడతారు. నేనూ ఒకప్పుడు కొట్టేవాణ్ణే.

ఈ విషయంలో నా కళ్ళు తెరిపించినది ఒక న్యాయస్థానం తీర్పు. బెంగళూరులో ఒక నివాస ప్రాంతపు ప్రణాళికలో పార్కు కోసం విడిచిన స్థలాన్ని ప్రభుత్వం ఒక వైద్య ట్రస్టుకు ఆసుపత్రి కట్టుకోవడానికి కేటాయించింది. అక్కడి నివాసులు కోర్టుకెక్కారు. ఆసుపత్రి కూడా ప్రజల మేలుకే కదా అన్నది అవతలివారి వాదన. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1991లో సుప్రీంకోర్టు నివాసుల పక్షాన నిలిచింది. అందరికీ చెందిన ఉద్యానవనానికి ప్రయివేటు నర్సింగ్ హోము ప్రత్యామ్నాయం కాజాలదన్నది ఆ తీర్పు సారాంశం. ఆ తీర్పును గురించి మొదట చదివినప్పుడు వైద్యుడిగా నాకు కొంత చురుక్కుమంది. ఆలోచించినకొద్దీ న్యాయమనిపించింది. ఆసుపత్రికి జబ్బు చేసినవాడు వస్తాడు. పార్కుకు ఇంకా జబ్బు చేయనివాడు వస్తాడు. మొదటివాడి దగ్గర మాకు ఫీజు వస్తుంది, రెండవవాడి దగ్గర రాదు. ఈ తేడా చాలా సంగతులను వివరిస్తుంది.

జబ్బు చేసినవాడికి సైతం చెట్టు అక్కర వస్తుంది. 1984లో రోజర్ అల్రిచ్ అనే పరిశోధకుడు అమెరికాలోని ఒక ఆసుపత్రి రికార్డులు పరిశీలించి ఒక చిన్న వ్యాసం ప్రచురించాడు. పిత్తాశయపు శస్త్రచికిత్స చేయించుకున్న 46 మందిని తీసుకున్నాడు. వారిలో సగంమందికి గది కిటికీలోంచి చెట్లు కనబడతాయి, సగంమందికి ఇటుక గోడ కనబడుతుంది. చెట్లు కనబడినవారు కొంచెం ముందుగా ఇంటికి వెళ్ళారు, గట్టి నొప్పిమాత్రలు తక్కువగా అడిగారు. 46 మంది మీద చేసిన పరిశీలనతో లోకం తలక్రిందులు కాదు. అయినా నేను ఉద్యోగం చేసిన చోట్ల వార్డు కిటికీలకు ఆకుపచ్చ రంగు వేసి మూసేయడం చూసినప్పుడల్లా ఆ వ్యాసం జ్ఞాపకం వచ్చేది. వేపచెట్టు కనబడకుండా ఆకుపచ్చ రంగు!

పార్కులు కట్టరని కాదు, కడతారు. కట్టేటప్పుడు వైద్యుణ్ణి అడగరు. మొదట మరుగుదొడ్డి సంగతి చెబుతాను. ఇది రాయడానికి మొహమాటపడితే లాభం లేదు. అరవై దాటిన మగవారిలో చాలామందికి ప్రోస్టేటు వాపుచేత గంటకొకసారి వెళ్ళవలసి ఉంటుంది. రక్తపోటుకు నీరు పోయే మాత్ర వేసుకొనేవారి సంగతి ఇక చెప్పనక్కరలేదు. కాన్పులైన ఆడవారిలో ఎందరికో దగ్గినా, వడిగా నడిచినా మూత్రం చుక్కలుగా పడుతుంది. వారు ఎవరికీ చెప్పుకోరు, బయటికి రావడమే మానేస్తారు. వచ్చినా ముందురోజు రాత్రినుంచి నీళ్ళు తాగకుండా వస్తారు. మన పల్నాటి ఎండల్లో అలా చేస్తే మూత్రంలో మంట, ఇన్ఫెక్షను, రాళ్ళు తప్పవు. శుభ్రమైన మరుగుదొడ్డి లేని పార్కు నా దృష్టిలో యువకుల పార్కు మాత్రమే. ఫౌంటెనుకు పెట్టే డబ్బులో సగం దీనికి పెడితే, దాని తలుపుకు గడియ, లోపల నీళ్ళు ఉండేలా ఒక మనిషిని నియమిస్తే, ఆ పార్కుకు వచ్చే ఆడవారి సంఖ్య ఎంత పెరుగుతుందో మీరే చూస్తారు.

రెండవది గులకరాళ్ళ బాట. ఈమధ్య ప్రతి పార్కులోనూ ‘ఆక్యుప్రెషర్ ట్రాక్’ అని పేరుపెట్టి సిమెంటులో గులకరాళ్ళు పొదిగిన బాట వేస్తున్నారు. చెప్పులు విప్పి దానిమీద నడిస్తే సర్వరోగాలూ పోతాయని ఎవరో చెప్పగా షుగరువారంతా వరుసకట్టి నడుస్తున్నారు. అయ్యా, అమ్మా, చాలా ఏళ్ళుగా షుగరున్నవారు ఒట్టికాళ్ళతో ఆ రాళ్ళమీద దయచేసి నడవకండి. షుగరువల్ల పాదాలలో నరాలు మొద్దుబారుతాయి. రాయి గుచ్చుకున్నా, బొబ్బ లేచినా తెలియదు. తెలిసేనాటికి పుండు అవుతుంది, అది మానదు. నా చేతులమీదుగా వేళ్ళు తీసివేయవలసి వచ్చిన పాదాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో చాలావాటికి మొదలు ఒక చిన్న గాయమే. షుగరు ఉన్నవారు మేజోళ్ళు, మెత్తని బూట్లు వేసుకొని మట్టిబాటమీద నడవాలి. ఇంటికి వచ్చాక పాదాల అడుగుభాగాన్ని అద్దంలో చూసుకోవాలి.

ఇనుప వ్యాయామ పరికరాలను గురించి ఎక్కువ చెప్పను. మోకాళ్ళు అరిగినవారు వాటి జోలికి పోవద్దు. వానాకాలంలో నున్నటి టైల్సుమీద జారి తుంటి ఎముక విరిగినవారిని చూశాను గనుక, నడకబాట గరుకుగా ఉండాలని మాత్రం గట్టిగా అంటాను. యాభై గజాలకొక బల్ల కావాలి, దానికి వెనుక ఆనుకొనే పలక, లేవడానికి చేతిపిడి ఉండాలి. ముసలివారికి కూర్చోవడం తేలికే, లేవడమే కష్టం. పబ్లిక్ గార్డెన్స్‌లోని ఆ దంపతులు బల్లనుంచి బల్లకు మజిలీలు చేసుకుంటూ తోటంతా చుట్టి వచ్చారు. బల్లలు లేకపోతే ఆమె గేటు దగ్గరే ఆగిపోయేది.

మా ప్రాంతానికి చూడదగిన చోట్లు లేవా అంటే ఉన్నాయి. ఇటు కోటప్పకొండ, అటు రెడ్డిరాజుల కొండవీడు. రెండు కొండలకూ ఇప్పుడు ఘాట్ రోడ్లున్నాయి. కొండవీటి మీది చెరువుల గట్లపై శీతకాలం పొద్దున నడవడం కంటే ఆరోగ్యకరమైన పని మరొకటి లేదు. అయితే అవి ఏడాదికి రెండుమూడుసార్లు కారో ఆటోనో కట్టించుకొని వెళ్ళే చోట్లు. ఏడాదికి రెండుమూడుసార్లు వేసుకొనే మాత్రతో ఏ షుగరూ తగ్గదు. నడక రోజూ జరగాలంటే స్థలం ఇంటికి పది నిమిషాల దూరంలో ఉండాలి. 2011 నాటికే మా పట్టణ జనాభా లక్ష దాటింది. లక్షమందికి ఎక్కడో ఊరి చివర ఒక్క పెద్ద పార్కు కట్టి రిబ్బను కత్తిరిస్తే, దానికి మోటారుసైకిలు ఉన్నవారే వెళతారు. నన్నడిగితే పేట పేటకూ అరెకరం మట్టిబాట, ఇరవై వేపచెట్లు, పది కానుగచెట్లు చాలు.

ఇది దయాధర్మంగా అడుక్కొనే విషయమూ కాదు. రాజ్యాంగానికి 74వ సవరణ చేసి పురపాలక సంఘాలకు అప్పగించదగిన పనులను పన్నెండవ షెడ్యూలులో చేర్చారు. అందులో ప్రజారోగ్యం ఉంది, పార్కులూ తోటలూ ఆటస్థలాలూ కూడా పేరుపెట్టి ఉన్నాయి. 2015లో వచ్చిన అమృత్ పథకంలో మంచినీళ్ళు, మురుగునీటితోపాటు పచ్చని ఖాళీ స్థలాలకు సైతం కేటాయింపు ఉండేది. 2020లో కేంద్ర ప్రభుత్వం నగరవనాల పథకం ప్రకటించింది. చట్టం ఉంది, పథకాలు వచ్చాయి, ఎక్కడో ఒకచోట డబ్బూ ఉంటుంది. అడిగేవారే తక్కువ. రోడ్డు గుంతలు పడితే వార్డు కౌన్సిలరును నిలదీస్తాము. మా వీధి ఆడవారు నడవడానికి చోటేదని ఎవరైనా అడగగా నేను ఎన్నడూ వినలేదు. ముప్పై అయిదేళ్ళు ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన నేను కూడా అడగలేదు. సమావేశాలకు పిలిచినప్పుడల్లా దోమలను గురించి మాట్లాడి, టీ తాగి వచ్చాను.

హైదరాబాదు వెళ్ళేవారికి రెండు మాటలు. పెద్దవారిని వెంట తీసుకొని వెళితే రోజుకు రెండు చోట్లకు మించి పెట్టుకోవద్దు. మేము మూడు పెట్టుకున్నాము. నక్షత్రశాలలో దీపాలు ఆరగానే మా శ్రీమతి నిద్రపోయింది, పక్కసీట్లో నేనూ ఆమెకు తోడయ్యాను. నక్షత్రాలన్నీ మా మనుమడొక్కడే చూశాడు. ఇన్సులిన్ తీసుకొనేవారు జేబులో నాలుగు చక్కెర బిళ్ళలో బెల్లంముక్కో ఉంచుకోవాలి. నడకలో చెమటలు పట్టి కళ్ళు తిరిగితే వెంటనే నోట్లో వేసుకొని కూర్చోవాలి. గుడి మెట్లు ఎక్కేటప్పుడు ఛాతీలో బరువుగా అనిపిస్తే ఆగిపోవాలి, దైవదర్శనం మరొక రోజున చేసుకోవచ్చు. వేసవిలో హుస్సేన్‌సాగర్ గట్టుమీదికి అయిదున్నర తరువాతే వెళ్ళండి.

ఊరికి తిరిగి వచ్చాక పురపాలక సంఘానికి ఇవ్వడానికి ఒక అర్జీ రాశాను. మూడు పేజీలయింది. మా శ్రీమతి చదివి, “ఇంత పొడుగు ఎవరు చదువుతారు? మరుగుదొడ్డి సంగతి మూడో పేజీలో పెట్టారే, ముందుకు తీసుకురండి” అన్నది. తీసుకువచ్చాను. ఇప్పుడది ఒక పేజీయే. పట్టణ ప్రణాళికలో ఉమ్మడి ఖాళీ స్థలాలుగా చూపినవి ఏవి, వాటిలో ఇప్పటికి మిగిలినవి ఎన్ని అనే ప్రశ్నతో సమాచార హక్కు చట్టం క్రింద ఒక దరఖాస్తు కూడా సిద్ధం చేశాను. సంతకాలకు మా వీధిలో బయలుదేరితే ముందుగా చేసినవారు ఆడవారే. ఒకామె సంతకం చేస్తూ, “ఉదయం కాదండీ డాక్టరుగారూ, మాకు మధ్యాహ్నం మూడింటికి తీరిక. అప్పుడు గేటు తీసి ఉంచుతారా?” అని అడిగింది. ఆ సంగతి నాకు తోచనే లేదు. అర్జీలో ఆ వాక్యం చేర్చడానికి ఈ రాత్రి మళ్ళీ కూర్చోవాలి.